గాజు కళ్ళజోడు

చత్వారానికి మొహమాటం లేదు. నలభయ్యో ఏడు దాటగానే పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి కూర్చుంటుంది. దాని వయస్సు దాని పేరులోనే ఉన్నది. సంస్కృతంలో నలభైని చత్వారింశత్ అంటారు. ఆ మాట జనం నోళ్ళలో నలిగి చత్వారమైనది. క్లాసులో పద్యం చదువుతూ పుస్తకాన్ని మూరెడు దూరం జరిపినప్పుడు ముందు బెంచీ పిల్లలు ముసిముసిగా నవ్వుకున్నారు. నాకూ వచ్చిందని ఆనాడు తెలిసింది.

అయితే ఇప్పుడు చెప్పబోయేది నా చత్వారం సంగతి కాదు, మా నాన్నగారి కళ్ళజోడు సంగతి. దాని వెంట ఊళ్ళు తిరిగి నేను తెలుసుకున్న నాలుగు ముక్కలు కళ్ళజోడు ఉన్న ప్రతి ఇంటికీ పనికివస్తాయనిపించి రాస్తున్నాను. అందులో నేను చేసిన పొరపాటు కూడా ఉన్నది. దాన్ని దాచుకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మా పుట్టిల్లు పట్టిసీమ. గోదావరి నడుమ దేవకూట పర్వతం, దానిమీద వీరభద్రస్వామి గుడి, ఇవతల ఒడ్డున రేవు, ఎండాకాలమైతే కాళ్ళు కాల్చే ఇసుక. నాన్నగారు ఆ చుట్టుపక్కల బడుల్లోనే ముప్ఫై ఏళ్ళకు పైగా మేష్టరీ చేశారు. మనిషి పొదుపు, మాట పొదుపు. ఒక్క కళ్ళజోడు దగ్గర మాత్రం ఆయన పట్టుదల ఇంతా అంతా కాదు. 1991లో రాజమండ్రిలో చేయించుకున్న నల్లటి ఫ్రేము, దానిలో గాజు అద్దాలు. పైభాగం దూరానికి, కింద చిన్న చందమామలాంటి ముక్క దగ్గరకు. షాపులవాళ్ళు దాన్ని క్రిప్టాక్ అంటారు. మామూలు గాజులో ఇంకో రకం గాజుముక్కను కరిగించి అతికిస్తారు. వేలితో తడిమితే గీత తగలదు. నంబరు మారినప్పుడల్లా ఆయన అద్దాలు మార్చారు గాని గాజు మానలేదు. బడినుంచి రాగానే చెంబుడు నీళ్ళతో కాళ్ళతోపాటు కళ్ళజోడు కూడా కడుక్కునేవారు.

2022లో ఒక షాపువారు, "గాజు ఇప్పుడు ఎవరూ వాడటం లేదండీ మేష్టారూ, బరువు, పగిలిపోద్ది" అని చెప్పి ప్లాస్టిక్ అద్దాలు వేశారు. ఏడాది తిరగకుండా వాటిమీద సన్నని గీతలు పడ్డాయి. చూపు మసక అన్నారు నాన్నగారు. మళ్ళీ యంత్రం ముందు గడ్డం పెట్టించి, నంబరు పెంచి, మరో జత అద్దాలు వేశారు. రెండు నెలలు బాగున్నాయి. తరవాత మళ్ళీ మసకే. మూడోసారి మెరుపు తగ్గించే పూతపూసిన ఖరీదైన అద్దాలు వేశారు. ఆర్నెల్లకు అవీ అంతే. నాన్నగారి తీర్పు ఒక్కటే: "ఇది అద్దం కాదే అమ్మాయ్. అద్దమంటే గాజు."

2024 మార్చి 8న శివరాత్రి. పిల్లను తీసుకొని పుట్టింటికి వెళ్ళాను. రాత్రి రేవులో నిలబడి కొండమీది దీపాలను చూడటం మా ఇంట్లో ఏటా ఉన్న అలవాటు. చిన్నప్పుడు నాన్నగారు నాకు ఆ దీపాలతోనే లెక్కలు నేర్పారు. ఆ రాత్రి ఆయన చాలాసేపు కొండవైపు చూసి, "ఈసారి దీపాలన్నిటికీ గుడి కట్టిందేమే?" అన్నారు.

వాన రాబోయే ముందు చంద్రుడి చుట్టూ వెలుగు వలయం కడితే మనవాళ్ళు గుడి కట్టిందంటారు. దూరపు గుడి దగ్గర వాన అనీ, దగ్గర గుడి దూరం వాన అనీ సామెత. దీపానికి గుడి కట్టడం! ఎంత చక్కని మాట అని మురిసిపోయాను. మర్నాడు కాలేజీలో ముగ్గురికి చెప్పాను కూడా. తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని గనుక మాటను పట్టుకున్నాను. ఆ మాట వెనక ఉన్న కంటిని పట్టించుకోలేదు. ఇదే నా పొరపాటు.

వేసవి సెలవులివ్వగానే నాన్నగారికి గాజు అద్దాలు వేయించి తీరాలని నిశ్చయించుకున్నాను. రాజమండ్రిలో నాలుగు షాపులు తిరిగాను. మొదటి షాపు కుర్రవాడు "గాజా అండీ?" అని నన్ను మ్యూజియంలోంచి వచ్చినదానిలాగా చూశాడు. రెండో షాపువారు తెప్పించాలి, పదిరోజులు పడుతుందన్నారు. మూడో షాపులో గాజు అని చెప్పి చేతిలో పెట్టినది ప్లాస్టిక్ అని నాకే అనుమానం వచ్చింది. ఇంటికి వచ్చి మా కాలేజీ ఫిజిక్సు మేష్టారికి ఫోను చేసి, అసలు గాజుకూ ప్లాస్టిక్కుకూ తేడా ఏమిటో నాకు పాఠం చెప్పండి అన్నాను. ఆయన ఉత్సాహంగా కాగితం, పెన్సిలు పట్టుకొని ఇంటికే వచ్చారు.

ఆయన చెప్పిన పాఠం సారాంశం ఇది.

అద్దం పని కాంతిని వంచటం. ఎంత వంచుతుందో చెప్పే అంకెను వక్రీభవన గుణకం అంటారు. కళ్ళద్దాలకు వాడే క్రౌన్ గాజుకు అది 1.523. మామూలు ప్లాస్టిక్ అద్దానికి 1.498. అంటే గాజు ఒక్క వీసమెత్తు ఎక్కువ వంచుతుంది. కనుక అద్దం ఒక్క వీసమెత్తు పలచన. ఈ తేడా కంటికి ఆనేది కాదు.

రెండోది, రంగుల సంగతి. తెల్లని వెలుగును అద్దం ఏడు రంగులుగా చీలుస్తుంది. ఎక్కువ చీలిస్తే అద్దం అంచులనుంచి చూసినప్పుడు వస్తువుల చుట్టూ నీలం, ఎరుపు చారలు కనపడతాయి. జర్మనీలోని యెనా నగరంలో పనిచేసిన ఎర్నెస్ట్ ఆబే అనే శాస్త్రజ్ఞుని పేర దీనికో సంఖ్య ఉన్నది. ఆ సంఖ్య ఎంత ఎక్కువైతే రంగులు అంత తక్కువ చీలుతాయి. క్రౌన్ గాజుకు అది 58, 59. మామూలు ప్లాస్టిక్కుకూ 58. "కాబట్టి గాజులో చూపు స్వచ్ఛం, ప్లాస్టిక్కులో మసక అనే మాట మామూలు ప్లాస్టిక్కు విషయంలో నిజం కాదండీ. కొత్తగా ఉన్నప్పుడు రెండూ ఒకటే" అన్నారు మేష్టారు. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్కుకు మాత్రం ఆ సంఖ్య 30 దగ్గర ఉంటుంది. పెద్ద నంబరువాళ్ళకు అందులో అంచుల రంగులు కనపడతాయి. అద్దం పలచగా ఉండాలని తీసుకునే 1.67, 1.74 రకాలకు కూడా ఆ సంఖ్య ముప్ఫైల్లోనే. సన్నదనం ఊరికే రాదు, ఎక్కడో ఒకచోట మూల్యం చెల్లించాలి.

మూడోది బరువు. గాజు సాంద్రత 2.54, మామూలు ప్లాస్టిక్కుది 1.32. దాదాపు రెట్టింపు. మేష్టారు మైనస్ నాలుగు నంబరుకు లెక్కవేసి చూపారు. 50 మిల్లీమీటర్ల గుండ్రటి అద్దాలు, నడుమ 2 మిల్లీమీటర్ల మందం అనుకుంటే, గాజు జత 32 గ్రాములు తూగుతుంది, ప్లాస్టిక్ జత 17 గ్రాములు. అదే ఈనాటి ఫ్యాషను ప్రకారం 60 మిల్లీమీటర్ల పెద్ద అద్దాలైతే గాజు జత 53 గ్రాములకు పోతుంది. పది మిల్లీమీటర్ల సోకుకు ముక్కు మోయవలసిన అదనపు బరువు 21 గ్రాములు! మన తాతల కళ్ళజోళ్ళు చిన్న గుండ్రటివిగా ఎందుకు ఉండేవో నాకు అప్పుడు అర్థమైంది. అది ముక్కుమీద దయ.

నాలుగోది, గట్టితనం. నాన్నగారి పట్టుదలలో నిజమున్నది ఇక్కడే. ఖనిజాల గట్టితనాన్ని ఒకటినుంచి పదివరకూ లెక్కించే మోజ్ కొలమానంలో గాజు అయిదున్నర, ఆరు మధ్య ఉంటుంది. ప్లాస్టిక్కు దానికి చాలా దిగువ. అందుకే ప్లాస్టిక్ అద్దంమీద గట్టి పూత పూస్తారు. మరి గోదావరి ఇసుకలో మెరిసే పలుగురాయి రేణువు? దానిది 7! అది గాజునైనా గీస్తుంది. ఇక ప్లాస్టిక్కు దానికి ఒక లెక్కా? రేవులో తిరిగి వచ్చి, పొడి చీరచెంగుతో అద్దం తుడుచుకోవటమంటే ఆకురాయితో రుద్దుకోవటమే. ముందు నీళ్ళతో కడిగి, ఒక చుక్క సబ్బు వేసి, తరవాత మెత్తని నూలుగుడ్డతో అద్దాలి. నాన్నగారి చెంబునీళ్ళ రహస్యం అదే. ప్లాస్టిక్ వేయించుకున్న తరవాత, తేలికగా ఉన్నది కదా అని కండువాతో తుడవటం మొదలుపెట్టారని అమ్మ చెప్పింది.

ఎండ సంగతి కూడా చెప్పారు. మన వేసవిలో తలుపులు మూసిన కారులో కళ్ళజోడు వదిలేస్తే ప్లాస్టిక్కు ఒక తీరుగా, పైపూత మరొక తీరుగా వ్యాకోచించి, పూత సాలెగూడులాగా పగుళ్ళు తీస్తుంది. గాజుకు ఆ బెడద లేదు. ఎండలో నల్లబడే గాజు అద్దాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 1960ల్లో అమెరికాలోని కార్నింగ్ కంపెనీవారు గాజులోనే వెండి లవణాల కణాలను కలిపి వాటిని తయారుచేశారు. ఆ గుణం గాజు ఒంట్లోనే ఉంటుంది గనుక ఏళ్ళు గడిచినా తరగదు. ప్లాస్టిక్కులో అదే పనికి వాడే రంగులు కొన్నేళ్ళకు అలసిపోతాయి. ఇందులో ఒక తమాషా ఏమిటంటే, వేడి ఎక్కువైతే ఈ అద్దాలు తక్కువ నల్లబడతాయి. అంటే మే నెల ఎండలో, మనకు మరీ కావలసినప్పుడే, కాస్త బద్ధకిస్తాయి! ఇక అతినీలలోహిత కిరణాల విషయంలో తెల్లగాజు అంత నమ్మదగిన కాపలాదారు కాదు. వాటిలో ఒక భాగాన్ని లోపలికి పోనిస్తుంది. దానికి వేరే పూత కావాలి.

అయిదోది, అన్నిటికంటె ముఖ్యమైనది, పగలటం. గాజు పగిలితే ముక్కలు కంటి ముందే ఉంటాయి. నా చిన్నతనంలో మా వీథిలో ఒక అబ్బాయికి బిళ్ళంగోడు ఆటలో బిళ్ళ వచ్చి కళ్ళజోడుకు తగిలింది. అద్దం పగిలి కనుబొమ్మ చీరింది. అరంగుళం కిందికైతే కన్నే పోయేది. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది. అమెరికాలో కళ్ళజోడు అద్దాలన్నీ దెబ్బకు తట్టుకునేవిగా ఉండాలని చేసిన నియమం 1972లో అమలులోకి వచ్చింది. అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల వ్యాసమున్న ఉక్కుగుండును 50 అంగుళాల ఎత్తునుంచి అద్దంమీద వదలాలి. పగలకూడదు. గాజును వేడిచేసిగాని, పొటాషియం లవణపు స్నానం చేయించిగాని గట్టిపరచి ఆ పరీక్షకు నిలబెట్టవచ్చు. కాని ప్లాస్టిక్కుకు అది సులువు. గాజు వెనకబడటానికి అదొక కారణం.

ఆ ప్లాస్టిక్కు పుట్టుక కూడా వినదగినది. 1940లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్లేట్ గ్లాస్ కంపెనీవారి కొలంబియా శాఖలో రకరకాల రెసిన్లు చేసి చూస్తూ ఉంటే ముప్ఫైతొమ్మిదోది కుదిరింది. దాని పేరే సీఆర్-39. మొదట యుద్ధ విమానాల పెట్రోలు టాంకులు తేలిక చేయటానికి వాడారు. యుద్ధం అయిపోయాక, 1947 ప్రాంతంలో అది కళ్ళద్దమై మనుషుల ముక్కెక్కింది. గాజు కంపెనీ ఇంట్లోనే గాజుకు పోటీ పుట్టటం విధి వైచిత్రి! మన దేశంలోనూ పశ్చిమ బెంగాలులోని దుర్గాపూరులో కళ్ళద్దాల గాజు తయారుచేసే ప్రభుత్వరంగ ఫ్యాక్టరీ ఉండేది. అదీ మూతపడింది.

గాజు వైభవం మాత్రం చిన్నదేమీ కాదు. పదమూడో శతాబ్దం చివర ఇటలీలో పుట్టిన కళ్ళజోడు మన విజయనగరానికి ఎప్పుడు చేరిందో తెలుసునా? శ్రీకృష్ణదేవరాయల గౌరవాన్ని పొందిన వ్యాసతీర్థులవారు కళ్ళద్దాలు పెట్టుకొని గ్రంథం చదువుతున్నట్టు సోమనాథ కవి సంస్కృతంలో రాసిన వ్యాసయోగి చరితంలో ఉన్నదని పరిశోధకులు పి. కె. గోడేగారు ఎత్తిచూపారు. రాయలవారి కాలానికే మన దక్షిణదేశంలో కళ్ళజోడు ఉన్నదన్నమాట. పాఠం ముగిసేసరికి ఫిజిక్సు మేష్టారికి నేను చెప్పగలిగిన ఎదురు పాఠం ఇదొక్కటే.

ఇంత తెలుసుకున్నాక, నాలుగో షాపుకు నాన్నగారినే వెంటబెట్టుకొని వెళ్ళాను. అది షాపు అనటంకంటె అరుగు అనటం నయం. డెబ్భై ఏళ్ళ పెద్దాయన, పక్కన నీళ్ళలో తిరిగే సాన. గాజు పలకను కోసి, పటకారుతో అంచులు కొరికి, సానమీద ఫ్రేము ఆకారానికి అరగదీసే పనివాడు. అటువంటివారు ఇప్పుడు అరుదు. ప్లాస్టిక్ అద్దాలను అరగదీసే యంత్రాలు వచ్చాక ఈ పని నేర్చుకునే కుర్రవాళ్ళు లేరట.

"గాజు కావాలండీ" అన్నాను.

"ఆయ్, చేసిపెడతానండి. ఎవరికండీ?"

నాన్నగారిని చూపాను. ముందు నా చేతిలోని మూడో షాపు అద్దాన్ని తీసుకొని చెంపకు ఆనించుకున్నాడు. "గాజైతే చల్లగా తగలాలండి. ఇది తగల్లేదు." గోటితో కొట్టి చూపాడు. టప్పుమన్నది. తన పెట్టెలోంచి ఒక గాజు అద్దాన్ని తీసి కొట్టాడు. టింగుమన్నది. నా అనుమానం తీరింది.

తరవాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఏం పని చేస్తారు? స్కూటరు నడుపుతారా? ఎప్పుడైనా పడ్డారా? రెండు కళ్ళూ బాగా కనపడతాయా? ఫ్రేము ఇదేనా? నాకు విసుగొచ్చి, ఇవన్నీ ఎందుకండీ అన్నాను.

"గాజు అందరికీ ఇవ్వకూడదమ్మగారూ. పిల్లలకివ్వను. బండి నడిపేవాళ్ళకివ్వను. కొలిమి దగ్గర, మిషను దగ్గర పనిచేసేవాళ్ళకివ్వను. ఒక కన్ను పోయి ఒక్క కంటితో బతికేవాళ్ళకైతే కాళ్ళమీద పడ్డా ఇవ్వను. ఉన్న ఒక్కదాన్నీ కాపాడాలి కదండీ. అంచు లేని ఫ్రేములో గాజు వెయ్యను. కుర్చీలో కూర్చుని చదువుకునేవాళ్ళకి, లెక్కలు రాసుకునేవాళ్ళకి, చిన్న ఫ్రేము, చిన్న నంబరు అయితే ఇస్తాను. గట్టిపరచిన గాజైతే మరీ మంచిది. కాని గట్టిపరచకముందే ఫ్రేముకి అరగదీసెయ్యాలి, తరవాత సాన పెడితే పగిలిపోద్ది."

చదువుకున్నవారు రాసిన ఏ పుస్తకంలోనూ ఇంత పొందికైన ఉపదేశం దొరకదనిపించింది.

అప్పుడు నాన్నగారి పాత చీటీలన్నీ వరుసగా చూశాడు. రెండేళ్ళలో మైనస్ నంబరు మూడుసార్లు పెరిగింది. "ఈ వయస్సులో ఇలా పెరగకూడదే" అని గొణుక్కున్నాడు. ఒక అట్టముక్క తీసుకొని సూదితో ఒక మిల్లీమీటరు బెజ్జం చేశాడు. కళ్ళజోడు తీయించి, ఒక కన్ను మూయించి, ఆ బెజ్జంలోంచి గోడమీది క్యాలెండరు చూడమన్నాడు. "స్పష్టంగా కనపడుతుందాండీ మేష్టారూ?" "లేదు. మసకే." రెండో కంటికీ అదే జవాబు. అదే అట్టను నా చేతికిచ్చి నా కళ్ళజోడు తీసి చూడమన్నాడు. ఆశ్చర్యం! కళ్ళజోడు లేకుండానే క్యాలెండరులోని అక్షరాలు తేటపడ్డాయి.

"నంబరు తప్పయితే ఈ బెజ్జంలోంచి చూస్తే కొంతైనా తేటపడాలండి. మీకు పడింది, ఆయనకి పడలేదు. రాత్రిళ్ళు దీపాలెలా కనపడతాయండీ?"

"దీపాలన్నిటికీ గుడి కడుతుంది" అన్నారు నాన్నగారు.

నా గుండె ఝల్లుమంది.

ఆయన చేతులు కడుక్కొని, అద్దాల పెట్టె మూసేశాడు. "అమ్మగారూ, మసక అద్దంలో లేదండి. కంట్లో ఉంది. నేను డాక్టర్ని కాదు, ఇది ఊహే. ముందు కంటి డాక్టరుకి చూపించండి. ఇప్పుడు నేను గాజు అమ్మితే నాలుగోసారి కూడా మిమ్మల్ని మోసం చేసినట్టే." ఒక్క పైసా తీసుకోలేదు.

కంటి డాక్టరుగారు మందుచుక్కలు వేసి చూసి శుక్లాలు అన్నారు. రెండు కళ్ళకూ ఉన్నాయి. మన కంటిలోనే, నల్లగుడ్డు వెనక, దేవుడు అమర్చిన అద్దం ఒకటి ఉన్నది. దాదాపు మూడింట రెండు వంతులు నీరు, మిగిలినది చాలావరకు మాంసకృత్తులు. వయస్సుతోపాటు అది తెల్లబడుతుంది, పచ్చబడుతుంది. దాని నడిబొడ్డు గట్టిపడేకొద్దీ మైనస్ నంబరు తరచు పెరుగుతుంది. ప్రతిసారి కొత్త కళ్ళజోడుతో కొన్నాళ్ళు బాగున్నట్టే ఉండి మళ్ళీ మసకబారుతుంది. రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కడతాయి. మా ఇంట్లో రెండేళ్ళుగా జరిగిన కథంతా ఆయన మూడు వాక్యాల్లో చెప్పేశారు. షాపులోని యంత్రం నంబరు చెప్పగలదు గాని కన్ను ఆరోగ్యంగా ఉన్నదో లేదో చెప్పదు. ఆ తేడా తెలియక మేము మూడు జతల అద్దాలు కొన్నాం. ఈలోగా చీకటిలో రేవు మెట్లు దిగుతూ నాన్నగారు ఎక్కడైనా జారిపడి ఉంటే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

"మరి ఏం చేస్తారు?" అని అడిగారు నాన్నగారు.

"మసకబారిన అద్దం తీసేసి కొత్త అద్దం పెడతామండీ, కంటి లోపలే."

"గాజుదేనా?"

డాక్టరుగారు నవ్వి, "కాదండీ, ప్లాస్టిక్" అన్నారు.

నాన్నగారి ముఖం చూడాలి! ముక్కుమీదికి రావద్దన్నది ఏకంగా కంట్లోకే వస్తున్నది. డాక్టరుగారు ఓపికగా కథ చెప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాల ముందుభాగపు ప్లాస్టిక్ కప్పు పగిలి, ఆ పెంకులు పైలట్ల కళ్ళల్లో దిగబడ్డాయి. లండనులో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు, ఆ ముక్కలు కంటిలోనే ఉండిపోయినా కన్ను వాటిని పరాయివిగా తిప్పికొట్టటం లేదని గమనించాడు. ఆ ప్లాస్టిక్కుతోనే చిన్న అద్దం చేయించి, 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోగి కంటిలో అమర్చాడు. తోటి వైద్యులు చాలాకాలం ఆక్షేపించారు. ఇప్పుడు ప్రపంచమంతా అదే పద్ధతి. మన దేశంలో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రివారు 1992లో ఆరోలాబ్ స్థాపించి ఆ అద్దాలను చవకగా తయారుచేయటంతో సామాన్యులకు అందాయి. ఈనాటి అద్దం మడతపెట్టేంత మెత్తనిది. మూడు మిల్లీమీటర్లకు మించని గాటులోంచి లోపలికి పంపితే లోపల విచ్చుకుంటుంది.

కళ్ళజోడు ప్లాస్టిక్కూ, కంటిలోని ప్లాస్టిక్కూ రెండూ యుద్ధవిమానాలు దిగి వచ్చినవే. మనుషులను చంపటానికి ఎగిరినవాటి వెంట వచ్చిన వస్తువులు ఇవాళ మన తాతలకు చూపునిస్తున్నాయి.

మన తెలుగుదేశంలో కంటి వైద్యానికి కొదవలేదు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టి సినిమారంగంలో పేరు గడించిన ఎల్. వి. ప్రసాద్‌గారి విరాళంతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారి పూనికతో 1987లో హైదరాబాదులో మొదలైన నేత్ర వైద్య సంస్థ పల్లెలదాకా విస్తరించింది. 2018 ఆగస్టు 15న తెలంగాణలోనూ, 2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వాలు కంటి వెలుగు పేర ఉచిత పరీక్షలు ప్రారంభించాయి. లోపం మన బద్ధకంలోనే ఉన్నది. నలభై దాటినవారు రెండేళ్ళకొకసారి, అరవై దాటినవారు ఏటా, చక్కెరవ్యాధి ఉంటే తప్పనిసరిగా ఏటా, డాక్టరు చేత కంటి లోపలి భాగాన్ని పరీక్ష చేయించుకోవాలి. అద్దం ఎంపిక ఆ తరవాతి సంగతి.

ఆ ఏడు కార్తీకమాసంలోగా నాన్నగారికి ఒక కన్ను తరవాత ఒక కంటికి ఆపరేషన్ అయింది. లోపలి అద్దాన్ని ఆయన పాత మైనస్ నంబరు కూడా తీరేటట్టు లెక్కకట్టి పెట్టారు. చిన్నప్పటినుంచి కళ్ళజోడు లేనిదే గడప దాటని మనిషి, డెబ్భై ఎనిమిదో ఏట ఒట్టి కళ్ళతో గోదావరిని చూశారు. "నీళ్ళు ఇంత నీలంగా ఉంటాయా?" అన్నారు. దగ్గర చదవటానికి మాత్రం రెండున్నర ప్లస్ కావాలన్నారు డాక్టరుగారు.

ఈసారి మళ్ళీ అరుగుమీది పెద్దాయన దగ్గరికే వెళ్ళాం. చిన్న నంబరు, చిన్న ఫ్రేము, కుర్చీలో కూర్చుని చదువుకోవటానికి. ఆయన చెప్పిన షరతులన్నీ కుదిరాయి. గట్టిపరచిన గాజు తెప్పించి, 1991 నాటి ఫ్రేములోనే అమర్చి ఇచ్చాడు. నాన్నగారు గోటితో కొట్టి చూసుకున్నారు. టింగుమన్నది. నేనూ బల్ల దగ్గర చదువుకోవటానికి ఒక గాజు జోడు చేయించుకున్నాను. స్కూటరుమీదికి నా ప్లాస్టిక్ జోడు నాకు ఉండనే ఉన్నది. మా అమ్మాయికి పదేళ్ళు, మైనస్ ఒకటిన్నర. తాతయ్యలాంటిదే తనకూ కావాలని మారాం చేసింది. ఆ పెద్దాయన నాకంటె ముందే తల అడ్డంగా ఊపాడు. దానికి పాలీకార్బొనేట్. చిన్న నంబరు గనుక అంచుల రంగులు తెలియవు, బంతి తగిలినా కన్ను క్షేమం. ఒకే ఇంట్లో మూడు రకాల అద్దాలు. ఏది గొప్ప అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఎవరికి, ఎందుకు అని అడిగితే చెప్పగలను.

2025 ఫిబ్రవరి 26న మళ్ళీ శివరాత్రి వచ్చింది. రేవులో జనం. నాన్నగారు కళ్ళజోడు జేబులో పెట్టుకొని, మనవరాలి చెయ్యి పట్టుకొని కొండవైపు తిరిగి దీపాలు లెక్కపెట్టటం మొదలుపెట్టారు. నేను మాట్లాడకుండా పక్కన నిలబడ్డాను. లెక్క పూర్తిచేసి నావైపు తిరిగారు.

"ఈసారి గుడి ఒక్కటేనే అమ్మాయ్" అన్నారు, "కొండమీద ఉన్నది."